ఆటలో దాక్కున్న ఆల్బమ్

2008 సెప్టెంబరు 12, శుక్రవారం. అమెరికాలో ఏదో ఒక ఊరు. పేర్లు అక్కర్లేదు, ఆ వారం ఇలాంటి ఇళ్లు చాలా దేశాల్లోనే ఉండి ఉంటాయి. హాల్లో స్పీకర్ల ముందు అన్న కూర్చున్నాడు. పక్క గదిలో తమ్ముడు ప్లాస్టిక్ గిటార్ మెళ్లో వేసుకుని టీవీ ముందు నిలబడ్డాడు. అన్న వింటున్నదీ తమ్ముడు ఆడుతున్నదీ ఒకటే: మెటల్ బ్యాండ్ మెటాలికా అయిదేళ్ల తర్వాత తెచ్చిన ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్'.

అన్న సీడీ ఆపాడు. మళ్లీ పెట్టాడు. వాల్యూమ్ తగ్గించి చూశాడు. డ్రమ్ దెబ్బ పడ్డ ప్రతిచోటా ఏదో చిరుగుతున్నట్టు చిటపటలు.

"స్పీకర్ పోయిందేమో చూడన్నా."

"స్పీకర్ బాగానే ఉందిరా. నీ దాంట్లో అదే పాట అంత శుభ్రంగా ఎలా వస్తోంది?"

తమ్ముడు ఆడుతున్నది 'గిటార్ హీరో 3'. ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చిన రోజునే పాటలన్నీ ఆ ఆటలోకీ వచ్చాయి. అన్నదమ్ముల మాటలు నా ఊహ. ఇకమీదట చెప్పేది మాత్రం జరిగిందే.

ఆ ఆటకో అవసరం ఉంది. ఆడేవాడు మీట తప్పుగా నొక్కితే గిటార్ శబ్దం ఒక్కటే ఆగాలి, మిగతా పాట సాగిపోవాలి. ఎడమ, కుడి చానెళ్లుగా కలిపేసిన పాట ఇస్తే అది కుదరదు. దంచిన కారంలోంచి మిరపకాయల్ని ఏరడం ఎవరి తరం? అందుకే ఆట తయారుచేసేవాళ్లకు వాద్యాలు విడిగా పంపాల్సి వచ్చింది. అలా వెళ్లిన ట్రాకుల మీద చివరి అణచివేత పడలేదు. మంచి శబ్దం ఇద్దామని ఎవరూ పూనుకుని చేసిన పని కాదిది. ఆట నియమం వల్ల అలా కలిసొచ్చిందంతే.

అణచివేత అంటే ఏమిటో చెప్పాలి. డిజిటల్ శబ్దానికి సున్నా డెసిబెల్స్ దగ్గర పైకప్పు ఉంటుంది, దాన్ని దాటి పోవడానికి లేదు. పాట ఇంకా గట్టిగా వినిపించాలంటే మిగిలిన దారి ఒకటే: మెల్లని చోట్లను పైకి లేపి, డ్రమ్ దెబ్బల శిఖరాలను లిమిటర్‌తో నరికేయడం. మోతాదు మించితే గుసగుసకూ గర్జనకూ తేడా పోతుంది, నరికినచోట శబ్దం పగులుతుంది. రేడియోలో పక్క పాటకన్నా తమ పాటే గట్టిగా మోగాలన్న పోటీ అప్పటికి ఏళ్లుగా నడుస్తోంది. దానికి 'లౌడ్‌నెస్ వార్' అని పేరే పడింది.

అభిమానులు ఆట ఫైళ్లలోంచి పాటలు బయటికి లాగి సీడీ పక్కన పెట్టి చూశారు. పాటలకు చివరి మెరుగు దిద్దే మాస్టరింగ్ ఇంజినీర్, బ్రిటన్‌కు చెందిన ఇయాన్ షెపర్డ్ రెండింటినీ పోల్చి, సీడీ దాదాపు 10 డెసిబెల్స్ ఎక్కువ మోతతో ఉందని లెక్క తేల్చాడు. తెర మీద ఆట తాలూకు తరంగానికి ముళ్లున్నాయి. సీడీది నున్నగా కోసిన ఇటుకలా ఉంది. చెవి మీద నమ్మకం లేనివాళ్లకు కన్నే సాక్ష్యం చెప్పింది.

నింద మొదట ఆల్బమ్‌కు మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్ మీద పడింది. మిక్స్‌లు తన చేతికి వచ్చేసరికే నలిగిపోయి ఉన్నాయని ఆయన ఒక అభిమానికి జవాబిచ్చాడు, అది బయటికి పొక్కింది. మళ్లీ మిక్స్ చేయమని కోరుతూ పది వేలకు పైగా సంతకాలు పడ్డాయి. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ మాత్రం తన చెవికి ఆల్బమ్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. అమ్మకాలూ ఆయన పక్షమే: మూడు రోజుల్లో అమెరికాలో 4,90,000 కాపీలు, బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం. మరుసటి ఏడు గ్రామీల్లో ఉత్తమ ప్రొడ్యూసర్‌గా నిలిచిన రిక్ రూబిన్ పనుల జాబితాలో ఈ ఆల్బమ్ కూడా ఉంది! చెవులు వేరు, సంత వేరు.

ఆటలో పాట శుభ్రంగా దొరికింది ట్రాకులు విడిగా వెళ్లినందుకే. ఆ పాఠం మనకూ పనికొస్తుంది. మన దగ్గర ఇప్పుడు లాప్‌టాప్ ఉన్న ప్రతి గదీ స్టూడియోనే. పాట అయిపోగానే ఎంపీ3 ఒకటి దింపుకుని సంబరపడిపోతాం. ఆరు నెలలకు ఎవరో గొంతు లేని ట్రాక్ అడుగుతారు, లేదా ఇంకో భాషలో పాడించాలంటారు. తీరా చూస్తే కొత్త కంప్యూటర్‌లో పాత సెషన్ తెరుచుకోదు, తెరుచుకున్నా సగం ప్లగిన్లు ఉండవు.

విడి ట్రాకులు తీయడం పెద్ద విద్యేం కాదు. క్యూబేస్, లాజిక్, ప్రో టూల్స్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో దేనిలోనైనా దారి ఉంది. మాస్టర్ బస్ మీది లిమిటర్‌ను, ట్రాకుల మీది ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్‌లను బైపాస్ చేయాలి. వాద్యం మూడో నిమిషంలో మొదలైనా సరే, ప్రతి ఫైలూ పాట మొదటి క్షణం నుంచే ఎక్స్‌పోర్ట్ కావాలి. అప్పుడే వేరే ఇంజినీర్ వాటిని వరసగా పేర్చుకుంటే తాళం తప్పదు. నార్మలైజ్ ఆపేయండి, లేకపోతే వాద్యాల మధ్య మీరు కుదుర్చుకున్న పాళ్లు చెదిరిపోతాయి. 24 బిట్ వేవ్ ఫైళ్లు చాలు. ఫైలుకు 'ఆడియో 07' అని కాకుండా 'మృదంగం ఎడమ' అని పేరు పెట్టండి.

అన్నీ ఒలిచి పంపాలనడం కూడా చాదస్తమే. గిటార్ వాయించేవాడు ఆంప్ గరగరను నమ్ముకునే వాయిస్తాడు, దాన్ని తీసేస్తే వాయింపే మారిపోతుంది. అలాంటి వాటికి ప్లగిన్‌తో ఒకటి, లేకుండా ఒకటి ఇవ్వాలి.

ఈ వారం మీ పాట మిక్స్ పూర్తవుతుంటే, ఇంజినీరుకు డబ్బు లెక్క తేల్చేముందే విడి ట్రాకులు అడిగి, మీ సొంత హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోండి.