దాదీ బటువాలోని బేడకాసు
(పాత నాణేల సేకరణ మొదలుపెట్టేవారికి కొన్ని మాటలు)

పాత నికానామాలు తీసి చూస్తే మహరు మొత్తం రాసిన చోట "సిక్కా రాయిజుల్ వఖ్త్" అనే మాట కనిపిస్తుంది. ఆ కాలంలో చెల్లుబాటయ్యే నాణెం అని దాని అర్థం. కాలం మారింది, చెల్లుబాటు పోయింది, కాగితం మాత్రం మిగిలింది. మరి ఆ సిక్కా ఏమైంది? ముందుగా మా ఇంటి సంగతే చెప్పుకుంటాము.

మా దాదీకి ఒక గుడ్డ బటువా వుండేది. అందులో కొన్ని వెండి రూపాయలు, గుప్పెడు రాగి బిళ్ళలు. ఆమె పోయిన తర్వాత ఇల్లు సర్దుతూ పెద్దలు వెండిని తూకానికి అమ్మేశారు. రాగిని పాత సామాన్లవాడికి యిచ్చి ఒక స్టీలు గిన్నె తీసుకున్నారు. అప్పుడు మాకు పదేళ్ళు. బటువా అడుగున కుట్టులో ఇరుక్కుని ఒక్క చదరపు బిళ్ళ మిగిలిపోయింది.

ఉర్దూ బడిలో పంతులు పనికి వచ్చాక ఒకనాడు దాన్ని క్లాసుకు తీసుకెళ్ళాము. అది అయిదో జార్జి కాలపు రెండణాల నాణెం, అంటే మన బేడ. ఈ రకం 1918లో మొదలైంది. నడుమ 2 అంకె, దాని విలువ ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో. ఒక పిల్లవాడు అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మన ఇంట్లో భాష, మన వీధిలో భాష రెండూ దీనిమీద వున్నాయే!" అన్నాడు. బటువాలోంచి ఏమేమి పోయాయో ఆ పూట మాకు తెలిసొచ్చింది. ఈ వ్యాసానికి ఆ పిల్లవాడి మాటే కారణం.

నాణేల సేకరణ డబ్బున్నవారి వేడుక అనుకోకండి. పిల్లలైతే నయా పైసాలతో మొదలుపెట్టవచ్చు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ పద్ధతి వచ్చింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. దమ్మిడీ, కాని, బేడ, పావలా అనే మాటలు ఇప్పటికీ మన నోట వున్నాయి గాని, వాటిని కళ్ళజూసిన పిల్లలెందరు? 1964 జూన్‌లో "నయా" అన్న మాట తీసేశారు. 2011 జూన్ 30తో పావలా, అంతకు తక్కువ బిళ్ళలు చెల్లకుండా పోయాయి. ఇవి ఇంకా మన డబ్బాల్లో, అటకల మీద దొరుకుతూనే వున్నాయి. ఇప్పటి నాణెం మీద సంవత్సరం కింద చూడండి. నక్షత్రం వుంటే హైదరాబాదు టంకశాల, వజ్రం గుర్తు వుంటే బొంబాయి, చుక్క వుంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఈ లెక్కన సంవత్సరం వారీగా ఏరుకుంటూ పోతే ఖర్చులేని చదువు అవుతుంది.

తర్వాతి మెట్టు రాగి కాసులు. 1803, 1808 సంవత్సరాలు వేసిన ఈస్టిండియా కంపెనీ ఇరవై కాసుల నాణెం మద్రాసు రాజధాని కోసం ఇంగ్లండులోని బర్మింగుహాములో ముద్రించినది. ఒకవైపు కంపెనీ చిహ్నం. రెండోవైపు పార్సీలో "బీస్త్ కాస్ చహార్ ఫులూస్ అస్త్", అంటే ఇరవై కాసులు నాలుగు ఫులూసులు అని. ఇరవై కాసుల రాగి నాణేన్నే మనవారు "డబ్బు" అన్నారు. ఈనాడు నోటును కూడా డబ్బు అంటున్నామంటే అది ఆ రాగి బిళ్ళ పేరే. ఈ నాణేలను మోసుకుని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగిపోయింది. 1980లలో దాని సరుకును వెలికితీశారు. మన డెల్టా సంతల్లో మారవలసిన డబ్బులు నూట డెబ్భై ఏళ్ళు సముద్రం అడుగున వుండి, చివరికి సేకర్తల చేతికి వచ్చాయి.

ఇక మన బందరు. గోల్కొండ సుల్తానులకు అది పెద్ద రేవు. 1656లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించి వెళ్ళింది. ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా రాగి నాణేల మీద "ఖతమ్ బిల్ ఖైర్ వస్సఆదత్" అనే మాటతో పాటు హిజ్రీ 1068 కనిపిస్తుంది. మేలుతో, సౌభాగ్యంతో ముగిసిందని దాని భావం. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక వారి నాణేల మీద "మఛ్లీపటన్" టంకశాల పేరు వచ్చింది. బందరు 1750లో ఫ్రెంచివారికి, 1759లో ఇంగ్లీషువారికి పోయింది. జెండాలు మారినా రూపాయి మీద చాలాకాలం ఢిల్లీ పాదుషా పేరే నడిచింది. ఔరంగజేబు నాణేల మీద కలిమా వుండదు. పవిత్ర వాక్యం పదిమంది చేతుల్లో, కాళ్ళకింద పడి మలినం కారాదని ఆయన దాన్ని తీయించాడు. ఈ నాణేల మీద "జర్బ్" అనే మాట వెతకండి. దాని పక్కనే ఊరిపేరు వుంటుంది.

జగ్గయ్యపేట దాటితే నిజాం సరిహద్దు గనుక హాలీ సిక్కా మన ఇండ్లకూ చేరింది. చార్మినార్ బొమ్మ వున్న నాణెం కమాను లోపల చూడండి. "మీమ్" అక్షరం వుంటే మహబూబ్ అలీఖాన్, "ఐన్" వుంటే ఉస్మాన్ అలీఖాన్. అక్కడే 92 అంకె కూడా కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే విలువ: మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4.

హిజ్రీని క్రీస్తుశకంలోకి మార్చడం తేలికే. నూటికి మూడు చొప్పున తగ్గించి 622 కలపాలి. 1068లో 32 పోతే 1036, దానికి 622 కలిపితే 1658.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. చింతపండు, బూడిద పెట్టి నాణేన్ని తోమకండి. అక్షరం అరిగితే చరిత్ర అరిగినట్టే, ధర కూడా పడిపోతుంది. అంచులు పట్టుకుని తీయండి. మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో రాగి పచ్చబడుతుంది, కాగితపు కవర్లు మేలు. దేవతల బొమ్మలతో 1818 అని వేసిన కంపెనీ అర్ధణాలు నాణేలే కావు, అలాంటివి కంపెనీ ఎన్నడూ వేయలేదు. బియ్యాన్ని లాగే నాణెమంటూ "రైస్ పుల్లింగ్" పేరుతో లక్షలు అడిగేవారిని గుమ్మం ఎక్కనివ్వకండి. పొలంలో నాణేల కుండ దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళు దాటిన నాణేలను విదేశాలకు పంపడం 1972 చట్టం ఒప్పుకోదు. గల్ఫులో వున్న బంధువులకు కానుకగా పంపే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఒక నోటుపుస్తకం. వరుస నంబరు, లోహం, బరువు, మీద వున్న రాత, అది ఎవరి ఇంట్లోది, ఎవరి చేతినుంచి వచ్చింది అన్నీ రాయండి. నాణెం బజారులో మరొకటి దొరకవచ్చు. అది ఫలానా అమ్మ మహరులోది అన్న మాట మాత్రం ఇంట్లో చెప్పేవారు పోతే మళ్ళీ దొరకదు.

మా బాధ ఒకటే. ఆ రాత చదవగల ముసలివారు తగ్గిపోతున్నారు. ఉర్దూ అక్షరాలు నేర్చే పిల్లలూ తగ్గుతున్నారు. చదివేవాడు లేని నాణెం నేరుగా తూకానికే పోతుంది. అందుచేత సభ్యులకు మా విన్నపం: పాత బిళ్ళలను త్రాసులో వేసేముందు ఒకసారి పిల్లలచేత చదివించండి. రాకపోతే మా దగ్గరకు పంపండి, చదివి రాసిచ్చి, నాణేన్ని మీకే తిరిగి ఇస్తాము. మా నోటుపుస్తకంలో మొదటి వరుస ఇలా వుంది: "1. బేడ. అయిదో జార్జి. దాదీ బటువాలోది. మిగతావి పోయాయి." రెండో వరుస మీ ఇంటినుంచి రావాలి.