గాలం, శరత్కాలం, మన చెరువులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, నాకు తెలిసిన చరిత్ర ఏముందా అని ఆలోచించాను. నీటిపారుదల శాఖలో 1969లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ముప్ఫై ఆరేళ్ళు చెరువుల పటాలు గీసి, 2005లో పదవీ విరమణ చేసినవాణ్ణి. రాజుల చరిత్ర నాకంటే బాగా చెప్పగలవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. ఉద్యోగంతో పాటు నేను వదలకుండా చేసిన పని ఇంకొకటి ఉంది, అది గాలం వేయడం. అందుకే ఆ ముచ్చటే వ్రాస్తున్నాను. శాకాహారులైన సోదర సభ్యులు మన్నించాలి. ఇందులో వంట గురించి ఒక్క మాటా లేదు, ఉన్నదంతా నీటి గురించే.

గోళ్ళు కనపడే నీళ్ళు

నాకు గాలం నేర్పింది మా సెక్షన్ హెడ్ క్లర్కు గారు. ఆఫీసులో ఫైళ్ళ దగ్గర ఎంత కఠినులో, గండిపేట గట్టు మీద అంత శాంతమూర్తి. ఆదివారం తెల్లవారుజామున బస్సు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. అక్కడి మత్స్యకారుల సంఘం పెద్దలకు ఒక మాట చెప్పి, సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళం. వానాకాలంలో నేనెంత తొందరపెట్టినా ఆయన కదిలేవారు కాదు. "తమ్మీ, చెయ్యి మోచేతి దాక నీళ్ళల్ల ముంచు. గోర్లు కనబడాలె. అప్పుడే గాలం ఎయ్యాలె" అనేవారు.

ఆ మాటలో ఎంత శాస్త్రముందో చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాగులు తెచ్చే ఒండ్రుతో చెరువు నీళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆ కలకనీటిలో చేపకు ఎర కనపడదు. పైగా బొచ్చె, రవ్వ వంటి మన చేపలు గుడ్లు పెట్టేది ఆ వానల్లోనే, కొత్తనీటికి ఎదురీదుతూ. నైరుతి ఋతుపవనాలు అక్టోబరు నడిమికి మన ప్రాంతం దాటిపోతాయి. హస్త కార్తె వెళ్ళి చిత్త వచ్చేసరికి ఒండ్రు అడుక్కు దిగుతుంది, నీరు తేటపడుతుంది. గుడ్లు పెట్టి చిక్కిన చేప మళ్ళీ ఒళ్ళు చేసుకునేందుకు మేతకు బయలుదేరుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు గాలగాడికి పండుగ నెలలు కావడానికి కారణం ఇదే.

పండుగ నెలల్లో ప్రమాదం కూడా ఉంది. ఎండాకాలమంతా కాగిన పైనీరు రాత్రి చలికి చల్లబడి బరువెక్కుతుంది. అది కిందికి దిగితే అడుగునీరు పైకి వస్తుంది. చెరువు అడుగున కుళ్ళు లేకపోతే దీనివల్ల మేలే. కుళ్ళు ఉంటే మాత్రం ప్రాణవాయువు లేని ఆ నీరు పైకి రాగానే చేపలు నోళ్ళు తెరిచి గుటకలు వేస్తాయి. కొర్రమీను, మార్పు వంటివి గాలి పీల్చి బతకగలవు. బొచ్చె, రవ్వ బతకలేవు.

తొమ్మిది వందల ఏళ్ళ నాటి గాలం

గాలం వేట దొరలు నేర్పిన సరదా అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజం వేరు. మన నగరానికి పడమర దిక్కున బీదరు జిల్లాలో బసవకల్యాణం ఉంది. 1956 దాకా అది కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. పూర్వం దాని పేరు కల్యాణి. అక్కడ 1126 నుంచి 1138 వరకు ఏలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రచించాడు. ఓరుగల్లు కాకతీయులు ఆనాడు ఈ చాళుక్యులకే సామంతులు. ఆ గ్రంథంలో అయిదు భాగాలు, ఒక్కొక్క దానిలో ఇరవై అధ్యాయాలు. రాజనీతి, వైద్యం, వంట, సంగీతం, ఏనుగుల పెంపకం వంటి విషయాల నడుమ, రాజుగారి వినోదాలలో ఒకటిగా 'మత్స్యవినోదం' చేరింది. అంటే గాలం వేటే.

అందులో సముద్రపు చేపలు, ఏటి చేపలు, పొలుసున్నవి, పొలుసు లేనివి అంటూ సుమారు ముప్ఫై అయిదు రకాల వర్ణన ఉంది. ఏ చేపకు ఏ మేత ఇష్టమో, గాలపు కర్ర, తాడు ఎలా ఉండాలో, చేపను ఎలా మచ్చిక చేసి పట్టాలో వివరంగా చెప్పాడు. బరోడాలోని గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాల ఈ పుస్తకాన్ని సంపుటాలుగా ముద్రించింది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ సంచాలకులుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా గారు 1950ల మొదట్లో ఈ అధ్యాయం మీద పరిశోధన వ్యాసం వ్రాసి, చేపల శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చారు.

ఇంగ్లండులో గాలం మీద తొలి పుస్తకం అచ్చయింది 1496లో. గాలగాళ్ళకు వేదం అనిపించుకున్న ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653 నాటిది. మన దక్కను రాజు వాళ్ళకంటే మూడున్నర శతాబ్దాలు ముందున్నాడు. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళది పైచేయి. ఉన్ని, ఈకలు కలిపి ఈగను పోలిన దొంగ ఎర కట్టి, నీటి మీద వాల్చి చేపను మోసగించే విద్య వాళ్ళది. మాసిడోనియాలో జనం ఎర్ర ఉన్నికి ఈకలు కట్టి మచ్చల చేపను పట్టేవారని ఏలియన్ అనే రోము రచయిత ఎప్పుడో వ్రాశాడు. ఆ మచ్చల చేప ట్రౌటేనని పండితుల అభిప్రాయం.

చల్లనీటి అతిథి

ట్రౌట్ మన దేశపు చేప కాదు. దానికి నీరు చల్లగా ఉండాలి, తేటగా పారుతూ ఉండాలి, అందులో ప్రాణవాయువు నిండుగా ఉండాలి. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే దానికి అవస్థ, ఇరవై అయిదుకు ప్రాణగండం. పది డిగ్రీల చల్లని నీటిలో లీటరుకు పదకొండు మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, ఇరవై ఏడు డిగ్రీల మన చెరువు నీటిలో కరిగేది ఎనిమిదే. హుస్సేన్ సాగరులో ట్రౌట్ ఎందుకు లేదు అనడిగితే ఈ లెక్కే జవాబు.

అయినా చల్లని కొండలున్న చోటికల్లా దొరలు ఈ చేపను తెచ్చుకున్నారు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉండి, ఆ తర్వాత భారత చేపల మీద మహాగ్రంథం వ్రాసిన ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరులకు ట్రౌట్ తేవాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. ఓడ ప్రయాణంలో గుడ్లు బతకాలంటే మంచు కావాలి, ఓపిక కావాలి. కాశ్మీరుకు 1900 ప్రాంతంలో స్కాట్లండు నుంచి గుడ్లు చేరి, శ్రీనగరు దగ్గర హర్వాన్‌లో పిల్లలు పొదిగాయి. నీలగిరుల్లో 1906–07లో మద్రాసు ప్రభుత్వ నిపుణుడు విల్సన్ చేతుల మీదుగా ఇంద్రధనుస్సు ట్రౌట్ నిలదొక్కుకుంది. అవలాంచి దగ్గర దాని పొదుగు కేంద్రం వెలిసింది. ఆ మద్రాసు మత్స్యశాఖే మన కర్నూలు వైపు సుంకేశుల దగ్గర కూడా చేపల క్షేత్రం పెట్టింది. తెలుగు జిల్లాల చేపల పెంపకానికి మొదటి పాఠాలు అక్కడివే.

ట్రౌట్‌కూ మన చేపకూ ఇక్కడొక తమాషా తేడా ఉంది. గోధుమ రంగు ట్రౌట్ గుడ్లు పెట్టేది శరత్తు చివర, చలి ముదిరే వేళ. కాశ్మీరులో ఆ కాలానికి గాలం వేట ఆపేస్తారు. మన చేప గుడ్లు పెట్టేది తొలకరిలో, వేట ఊపందుకునేది శరత్తులో. అక్కడ గాలం దించే నెలలో ఇక్కడ గాలం ఎత్తుతాం. నియమం మాత్రం రెండు చోట్లా ఒకటే, తల్లి చేపను గుడ్ల వేళ వదిలిపెట్టాలి.

మైదానపు దొరలకు ట్రౌట్ దొరకలేదు గనుక చెరువుల మీద పడ్డారు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేట మీద మరొకటి వ్రాశాడు. మనలాంటి సర్కారు ఉద్యోగే కదా! హైదరాబాదు సంస్థానంలోని చేపలను 1940లలో రహీముల్లా, మహమూద్ గార్లు సర్వే చేసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రకటించారు. ఏ జిల్లాలో ఏ చేప ఉండేదో తెలుసుకోవడానికి నేటికీ ఆ పేజీలు తిరగేయవలసిందే.

మన ఇంటి ముందు నుంచి పారిన నీరు

ఇక మన పేటల సంగతి. హుస్సేన్ సాగరు ఈ నగరం కంటే పెద్దది. చెరువు 1562 నాటిది, నగరం 1591 నాటిది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ దాన్ని కట్టించాడు. మూసీ నుంచి బల్కాపూరు కాలువ ద్వారా నీరు వచ్చేది. ఆ బల్కాపూరు, కూకట్‌పల్లి, బంజారా, పికెట్ నాలాలే సాగరుకు నాలుగు నరాలు. అమీర్‌పేట, పంజగుట్ట, యూసుఫ్‌గూడ, మధురానగర్‌లో కురిసిన వాన పల్లం వెతుక్కుంటూ చివరికి చేరవలసింది సాగరుకే. మన డాబా మీద పడిన చినుకు కూడా ఆ చేపల నీటిలో భాగమే.

నేను 1980లో మధురానగర్ వచ్చాను. యూసుఫ్‌గూడలో చెరువు ఉన్న తావున తర్వాత కృష్ణకాంత్ పార్కు వచ్చింది. మనలో చాలామంది ఉదయపు నడకకు వెళ్ళేది అక్కడికే. కూకట్‌పల్లి నాలా కర్మాగారాల వ్యర్థాన్ని, ఇళ్ళ మురుగును మోసుకొచ్చింది. 2006 తర్వాత జపాను రుణంతో సాగరు శుద్ధి పథకం చేపట్టి, మురుగు మళ్ళింపు పనులు చేశారు. 2021లో హైకోర్టు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలను సాగరులో కలపరాదంది. ఆ ఏడాదికి సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది. ఇంత జరిగినా సాగరులో చెయ్యి మోచేతి దాకా ముంచి గోళ్ళు చూసుకునే ధైర్యం నాకు లేదు.

ఉద్యోగంలో ఉన్నప్పటి ఒక సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఏ చెరువో, ఏ కార్యాలయమో చెప్పను. ఒక ఏడాది దసరా వెళ్ళిన వారానికి ఒక చెరువు ఒడ్డంతా తెల్లబడింది. చూస్తే చచ్చిన బొచ్చెలు. అక్కడి గంగపుత్రుల పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, మీరు సర్కారోళ్ళు, ఒక్క కాయితం రాయుండ్రి" అన్నాడు. వ్రాశాను. చలికి చేపలు చచ్చాయని జవాబు వచ్చింది. ఒక రకంగా అది అబద్ధం కాదు, చలి అడుగునీటిని పైకి తెచ్చింది. అడుగున అంత కుళ్ళు ఎవరు పోశారన్నది మాత్రం జవాబులో లేదు. అప్పుడు నేను రెండో కాగితం వ్రాయవలసింది. ప్రమోషన్ వరుసలో ఉన్నాను, వ్రాయలేదు. ఆ ఏడాది అప్పులు తెచ్చి చేపపిల్లలు వదిలిన కుటుంబాలకు నా రెండో కాగితం ఏమైనా పనికొచ్చేదో లేదో నాకు తెలియదు. వ్రాయలేదన్నది మాత్రం తెలుసు.

శరత్తు నేర్పిన పాఠం

శరత్కాలమంటే మనకు వెన్నెల ఒక్కటే కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలిపించిన విశ్వేశ్వరయ్య గారి సలహాతోనే 1920లో ఉస్మాన్ సాగరు, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్ సాగరు వచ్చాయి. మళ్ళీ 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత కురిస్తే, చెరువులు నిండి కట్టలు తెగి, నీళ్ళు ఇళ్ళ మీదికి వచ్చాయి. నీరు తన పాత దారి మరచిపోదు, మరచిపోయింది మనమే. జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడడానికి 84 గ్రామాలకు వర్తించేలా 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022లో 69వ నంబరు జీవోతో ఆ కట్టడి సడలించారు. తేటనీటి గండిపేట మా హెడ్ క్లర్కు గారితోనే పోకూడదని నా ప్రార్థన.

ఇటీవలి సంవత్సరాలలో రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో నీటిని చల్లబరిచి, వడగట్టి, తిప్పి తిప్పి వాడుతూ ట్రౌట్ పెంచే కేంద్రం వచ్చింది. ఫ్రాన్సిస్ డే ఆశ్చర్యపోయేవాడు! సంతోషమే. అయితే తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ఎన్నుకున్నది కొర్రమీనును. దానికి చల్లని యంత్రాలు అక్కరలేదు. ఉన్న చెరువును ఉన్నట్టు ఉంచితే చాలు.

మిత్రులారా, మన సంఘంలో రెవెన్యూ, సర్వే, నీటిపారుదల, మత్స్య, పురపాలక శాఖల్లో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ఫలానా చెరువు అలుగు ఎక్కడ ఉండేది, ఏ వాగు ఏ ఇంటి కింద పారేది, నిండు మట్టం రాయి ఎక్కడ పాతారు, ఏ చేప దొరికేది అన్నవి మన తలల్లో ఉన్నాయి. మనతో అవి పోతే పటం మీద గీత మాత్రమే మిగులుతుంది, ఆ గీతను ఎవరైనా జరపవచ్చు. గుర్తున్నది ఒక్కొక్కరు ఒక్క పేజీ వ్రాసి సంఘానికి ఇవ్వండి. మధురానగర్, యూసుఫ్‌గూడ నాలాల పాత దారులు నాకు గుర్తున్నంత వరకు గీసి, ఆ పటం ఈ వ్యాసంతో పాటే సంపాదకులకు అందజేస్తున్నాను.

నేను ఆనాడు వ్రాయని రెండో కాగితం ఇదే అనుకోండి. సెలవు.