మాటా మంతీ – మతిమరుపూ

మా అత్తగారికి ఎనభై దాటాయి. తెనాలిలో ఉన్నన్నాళ్లూ ఏ ఇంట్లో పెళ్లి ఎప్పుడయిందో, ఏ పెళ్లిలో పులిహోరకి ఉప్పు తగ్గిందో తేదీలతో సహా చెప్పేవారు. ఒంటరిగా ఎందుకని హైదరాబాదు తీసుకొచ్చాం. వేళకి భోజనం, వేళకి మందులు, గదిలో టీవీ. ఏ లోటూ లేదు. ఆరునెలలు తిరిగేసరికి స్టవ్ మీద పాలు మరిచిపోవడం, మనవణ్ణి కొడుకు పేరుతో పిలవడం మొదలైంది. "వయసు మరి!" అనుకున్నాం.

మనమే కాదు, లోకమంతా చాలాకాలం అలాగే అనుకుంది. 1906లో ఆల్జీమర్ అనే జర్మన్ డాక్టరు, మతి చెడి చనిపోయిన ఒకావిడ మెదడులో వచ్చిన మార్పుల్ని తోటి డాక్టర్లకి వివరించాడు. ఆవిడకి అరవై కూడా నిండలేదు. ఆ తర్వాత వెతుకులాట మెదడు లోపల సాగింది. మనిషి చుట్టూ ఎవరున్నారన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది.

1979లో అమెరికాలో బెర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో దాదాపు 7 వేలమందిని 9 ఏళ్లు గమనించిన లెక్కలు బయటపెట్టారు. అయినవాళ్లూ, స్నేహితులూ కరువైనవాళ్లలో చావులు ఎక్కువట! మరి మతి సంగతో? అది స్వీడన్ వాళ్లు చూశారు. స్టాక్‌హోమ్‌లోని కుంగ్స్‌హోల్మెన్ పేటలో 75 దాటినా మతి బాగున్న 1,203 మందిని సగటున 3 ఏళ్లు కనిపెట్టి ఉన్నారు. 176 మందికి డిమెన్షియా వచ్చింది. చుట్టూ మనుషులు తక్కువైనవాళ్లకి ఆ ముప్పు 60 శాతం ఎక్కువని 2000లో లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు.

నాకు గుచ్చుకున్నది ఇంకో మాట. పలకరింపులు అరుదైనా, అవి తృప్తిగా ఉంటే ముప్పు పెరగలేదట!

కబుర్లంటే కాలక్షేపం అనుకుంటాం గానీ, మెదడుకి అది పెద్ద పనే. నిన్న ఆపిన కథ గుర్తుండాలి, ఎదుటివాళ్ల మొహం చదవాలి, జవాబు వెతుక్కోవాలి. అయితే మతి తగ్గడం మొదలైనవాళ్లు తామే నలుగురికీ దూరమవుతారు కూడా. ఏది ముందో తేల్చడం కష్టం. అయినా 2020లో లాన్సెట్ నిపుణుల సంఘం, డిమెన్షియా ముప్పు పెంచే 12 విషయాల్లో మనుషులకి దూరమవడాన్నీ, వినికిడి తగ్గడాన్నీ చేర్చింది. వినపడకపోతే కబుర్లెక్కడివి!

ఆ రాత్రి అడిగాను, "ఇక్కడ మీకేం తక్కువైంది అత్తయ్యగారూ?" అని.

"ఏం లేదే అమ్మాయ్. తిన్నారా అంటావు, మందు వేసుకున్నారా అంటావు. ఆ తర్వాత ఇంకేం అడగవు."

మర్నాడు డాక్టరుకి చూపించాం. చెవి మిషను పెట్టించాం. మధ్యాహ్నాలు తెనాలిలో ఆవిడ నేస్తానికి ఫోను కలిపిస్తున్నాను. సాయంత్రం నేనే పక్కన కూర్చుని పాత సంగతులు అడుగుతున్నాను. మతిమరుపు పోయిందనను. పేర్లు ఇంకా తారుమారవుతూనే ఉన్నాయి.

కానీ నిన్న ఉన్నట్టుండి, "మీ పెళ్లిలో మీవాళ్లు పెట్టిన పులిహోరకి ఉప్పు చాల్లేదే అమ్మాయ్" అన్నారు.

ఆ మాట విని ఇంత సంతోషించిన కోడలు ఇంకెక్కడా ఉండదు!