మత్తు డాక్టరమ్మ

ఆపరేషనైన వాళ్లను పలకరించడానికి వెళితే మనం మొదట అడిగేది "ఎవరు చేశారు?" అని. వాళ్లూ కత్తి పట్టినాయన పేరే చెబుతారు. మత్తు ఎవరిచ్చారంటే తెల్లమొహం వేస్తారు. పాపం, పేరు కనుక్కునేలోపే నిద్రపోయారు కదా! అలా పేరు మిగలని పనిలో పేరు మిగుల్చుకున్న ఒకావిడ మన హైదరాబాదులోనే ఉండేవారు. రూపాబాయి ఫర్దూన్జీ. పార్శీల ఆడపడుచు. ప్రపంచంలోనే తొలి మత్తు డాక్టరమ్మ అని ఆవిణ్ణి చెప్పుకుంటారు. 'ప్రపంచంలో తొలి' అనే బిరుదులంటే నాకెప్పుడూ కాస్త అనుమానమే గానీ, ఈవిడ కథకు ఆ బిరుదు లేకపోయినా లోటు లేదు.

నాసిరుద్దౌలా నిజాముగా ఉన్న 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు పెట్టారు. పాఠాలన్నీ ఉర్దూలో. చదువు పూర్తయితే 'హకీం' పట్టా. చదివేవాళ్లంతా మగపిల్లలు. మరి రోగుల్లో సగంమంది ఆడవాళ్లు, అందులోనూ పాతబస్తీ దేవిడీల్లో ఘోషాలో ఉండేవాళ్లు! ఎంత గొప్ప హకీం వచ్చినా పరదా ఇవతలే కూర్చోవాలి. పరదా సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొస్తుంది. ఆ నాడి చూసే జబ్బేమిటో చెప్పాలి. జ్వరమైతే సరే. కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే మణికట్టు ఏం చెబుతుంది? మంత్రసానికి తెలిసినంత వరకే ఆ తల్లి ఆయుష్షు.

1885లో ఎడ్వర్డ్ లారీ అనే తెల్లదొర రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. మెడికల్ స్కూలు కూడా ఆయన చేతికిందికే వచ్చింది. ఆ ఏడే అయిదుగురు ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. అందులో రూపాబాయి ఒకరు. దేశంలో ఇదే మొదలు కాదు లెండి. మద్రాసు మెడికల్ కాలేజీలో 1875లోనే మేరీ షార్లీబ్, మరో ముగ్గురు చేరారు. కానీ లారీగారు చదువుకున్న ఎడింబరో సంగతి చూడండి. అక్కడ 1870లో, ఆడపిల్లలు పరీక్ష రాయడానికి సర్జన్స్ హాలుకు వస్తుంటే తోటి విద్యార్థులే గేటు వేసి, మొహాన బురద కొట్టారు. ఆ ఊళ్లో చదివిన మనిషి, పదిహేనేళ్లకు మూసీ ఒడ్డున ఆడపిల్లలకు బెంచీ వేయించాడంటే నాకు ముచ్చటేస్తుంది.

బెంచీ వేసి ఊరుకుంటే ఇంత చెప్పుకునేదాన్ని కాదు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో క్లోరోఫారం గొడవ జోరుగా సాగుతోంది. గుడ్డమీద చుక్కలు చుక్కలుగా వేసి వాసన చూపిస్తే రోగి నిద్రపోతాడు. ఒక్కోసారి మళ్లీ లేవడు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది తగువు. లారీ ఊపిరి పక్షం. ఎడింబరోలో తన గురువు సైమ్ చెప్పిన మాటే వేదం. దీన్ని తేల్చడానికి 1888లో ఒక కమిషన్, అది నచ్చక 1889లో మరొకటి. రెండోదానికి లండన్ నుంచి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. అందుకు వెయ్యి పౌన్లు ఇచ్చింది మన మహబూబ్ అలీ పాషా. వందలకొద్దీ మూగజీవాలు ప్రాణాలు పోగొట్టుకున్నాయి. లారీదే గెలుపన్నారు. తీరా 1911లో లెవీ అనే ఆయన, గుండె కూడా ముందు ఆగగలదని నిరూపించాడు. సిద్ధాంతం వీగిపోయింది గానీ, మత్తులో ఉన్న మనిషి ఊపిరిమీంచి కన్ను తీయొద్దన్న శిక్షణ మాత్రం ఎక్కడికీ పోలేదు. రూపాబాయి చదువు సాగింది సరిగ్గా ఆ ఏళ్లలో. 1889లో హకీం పట్టా పుచ్చుకున్నారు.

తర్వాత ఉద్యోగం. రెసిడెన్సీ ఆస్పత్రి, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, జనానా ఆస్పత్రి, అన్నిచోట్లా మత్తు ఇచ్చారు. ఘోషా దాటని ఇల్లాలు స్పృహ తప్పబోయే క్షణంలో, తలాపున కూర్చున్నది మరో ఆడది అంటే ఎంత ధైర్యమో ఊహించండి. పైచదువుకు అమెరికాలోని బాల్టిమోర్ వెళ్లారు. 1909లో ఎడింబరో వెళ్లి ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివారు. మత్తు వైద్యానికంటూ విడిగా చదువు లేదాయె! చివరికి చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంటుగా 1920లో రిటైరయ్యారు. సీటొక్కటే ఇచ్చి పొమ్మని ఉంటే ఇదంతా జరిగేదేనా? చేతికి సీసా ఇచ్చారు, జీతమిచ్చారు.

అయితే ఇదే కథలో ఇంకో సంగతుంది. దాన్ని మనవాళ్లు అంతగా ఎత్తరు. ఆడపిల్లలకు తలుపు తెరిచిన లారీ హయాంలోనే ఉర్దూ పోయి ఇంగ్లీషు పాఠాలు వచ్చాయి. ఇంగ్లీషు నడిచే ఇళ్ల పిల్లలకు అది దారి. ఉర్దూ తప్ప మరో భాష రాని కుర్రాడికి అదే గోడ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక డాక్టరు చదువును కూడా మళ్లీ ఉర్దూలో చెప్పారు. 1948 తర్వాత తిరిగి ఇంగ్లీషే.

ఆ తర్వాత పాతబస్తీ పిల్లల కోసం ఏమీ జరగలేదని నేననను. 1984లో కంచన్‌బాగ్ దగ్గర దక్కన్ మెడికల్ కాలేజీ వచ్చింది. 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. నీట్ పరీక్షను ఉర్దూలో రాయనిమ్మంటూ సుప్రీంకోర్టు దాకా వెళితే, 2018 నుంచి ఆ వీలూ కలిగింది. తెలుగులో అంతకుముందే ఉంది.

సరే, శాలిబండ గల్లీలోంచి ఒక పిల్ల ఉర్దూలో నీట్ రాసి గట్టెక్కిందనుకుందాం. మర్నాడు అనాటమీ క్లాసులో ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో. పల్లెలో తెలుగు మీడియం చదివొచ్చిన పిల్లకూ అదే అవస్థ. ఆ మొదటి ఏడాది సాయంత్రాలు కూర్చోబెట్టి, వాళ్లింటి భాషలో సందేహం తీర్చే ఒక ట్యూటరును ప్రతి కాలేజీలోనూ వేస్తే ఖర్చెంతవుతుంది? వెయ్యి పౌన్లు మాత్రం కాదు.