ఇసుక రాయిగా.. రాయి మరో రాయిగా!
బోర్లు ఎండడానికి కారణం ఆ మార్పులోనే

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల: వేసవిలో మానేరు ఎండినట్లు కనిపించే చోట కూడా ఇసుకలో చెలిమె తీస్తే నీరు ఊరుతుంది. ఏటికి కొద్ది దూరంలోని చేనులో వందల అడుగుల బోరు వేసినా దుమ్మే లేచే సందర్భాలున్నాయి. ఈ తేడాకు వానలను మాత్రమే తప్పుపట్టలేం. ఇసుక రాయిగా, ఆ రాయి మరో రాయిగా మారేటప్పుడు అందులోని ఖాళీలు ఏమవుతాయన్నదే అసలు సంగతి.

మానేరు ఇసుక చాలా వరకు ఈ గుట్టల నుంచి వచ్చినదే. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఎండకు, నీటికి చివికి బంకమన్నవుతుంది. గట్టిదైన పలుగురాయి రేణువులుగా మిగిలి వాగుల్లోకి చేరుతుంది. ప్రవాహం జోరు తగ్గేకొద్దీ ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, చివరకు ఒండ్రు దిగుతాయి. వదులుగా ఉన్న ఇసుకలో నూటికి 30 నుంచి 40 వంతులు ఖాళీయే. చెలిమెకు నీరిచ్చేది ఆ ఖాళీయే.

పొర మీద పొర పేరుకొన్నప్పుడు అడుగు ఇసుక బరువుకు నలుగుతుంది. నీటిలో కరిగి వచ్చిన సిలికా, సున్నం, ఇనుప తుప్పు రేణువుల నడుమ గట్టిపడి వాటిని అతుకుతాయి. అదే ఇసుకరాయి. ఇటువంటి అవక్షేప శిలలను చూడాలంటే రామగుండం, గోదావరిఖని వైపు వెళ్లాలి. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం మొదలుకొని అక్కడ నదులు ఇసుకను పరిచాయి, నడుమ పూడిన చెట్టూచేమా సింగరేణి బొగ్గయ్యాయి. ఆ ఇసుకరాళ్లలో ఖాళీలు ఇంకా కొంత మిగిలే ఉన్నాయి. గనుల్లో ఊరే నీటిని తోడుతూ ఉండవలసి రావడానికి అదొక కారణం.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు కథ వేరు, చాలా పాతది కూడా. ఇక్కడి రాయంతా గ్రానైటేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అది పూర్తిగా నిజం కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని గ్రానైటు నడుమ అంతకంటే ముందటి అవక్షేపాలు తునకలుగా చిక్కుకొని ఉన్నాయి. 250 కోట్ల ఏళ్లకు అటూఇటుగా అవి భూమి లోపలికి కిలోమీటర్ల కొద్దీ దిగిపోయి, 700 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో మగ్గాయి. ఇసుకరాయి క్వార్ట్‌జైట్ అయింది. సున్నపురాయి పాలరాయి జాతి రాయిగా మారింది. ఇనుము కలిసిన పొరలు మాగ్నటైట్ చారల రాయి అయ్యాయి. అయస్కాంతాన్ని ఆకర్షించే నల్లని చారలు అవే. వేడి ఇంకా పెరిగితే రాయి కరగడం మొదలవుతుంది, ఆ ద్రవం చల్లబడితే మళ్లీ గ్రానైటు వంటి రాయే పుడుతుంది.

ఈ వేడిలో పలుగు రేణువులు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని పెరుగుతాయి. ఖాళీలు మూసుకుపోతాయి. అందుకే క్వార్ట్‌జైట్‌ను పగులగొడితే రేణువుల చుట్టూ కాకుండా వాటి గుండానే చీలుతుంది. అటువంటి రాతిలోనూ, గ్రానైటులోనూ నీరు నిలిచేది రెండే చోట్ల: పైన చివికిన మొరంలో, కింద పగుళ్లలో. పక్కపక్క చేలలో ఒక బోరు పడి, మరొకటి పడకపోవడం ఇందువల్లనే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు సాధారణంగా తగ్గుతాయి కనుక, అప్పు చేసి మరో రెండు వందల అడుగులు దించినంత మాత్రాన నీరు పడుతుందన్న భరోసా లేదు.

మొరానికి నీరందించేవి చెరువులు, వాగులు. వాగు ఇసుకను అడుగంటా ఎత్తుకుపోతే వరద నీరు ఆగి ఇంకే చోటు కూడా పోతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, బోర్లతో పాటు ఇసుక తవ్వకాన్నీ తన పరిధిలోకి తెచ్చింది అందుకే.