వయసూ కాటా: చంద్రపూర్ వైపు నుంచి జూనియర్ కబడ్డీ

ఒంటితో ఒళ్లు ఢీకొనే ఆటల్లో ‘జూనియర్’ ఎవరన్నది ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ దీనికి పుట్టినతేదీతో జవాబు చెప్పుకుంది. 1961లో మొదలైన జెర్సీ ఫ్లెగ్ పోటీ, 1965 నాటి ఎస్.జి. బాల్ కప్, 1970 నాటి హెరాల్డ్ మాథ్యూస్ కప్, మూడూ వయసు మెట్లే. మన కబడ్డీ మాత్రం పుట్టినతేదీతో ఊరుకోకుండా కాటా కూడా పెట్టింది. ఆ రెండో షరతు ఏం చేసిందన్నదే ఈ వ్యాసంలో చర్చ.

ఇందుకు మహారాష్ట్ర విదర్భ ప్రాంతంలోని చంద్రపూర్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. రగ్బీ లీగ్ పుట్టుకే గనుల, మిల్లుల ఊళ్లది. పని మానుకుని ఆడినవాడికి పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగాదా ముదిరి, ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. చంద్రపూర్, బల్లార్‌పూర్ కూడా బొగ్గుతో, కాగితం మిల్లుతో పెరిగినవే. తెలుగు కుటుంబాలూ అక్కడ స్థిరపడ్డాయి. అదే జిల్లాలోని రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే.

పరిపాలన పటానికీ ఆట పటానికీ ఇక్కడ పొంతన లేదు. జాతీయ కబడ్డీ ఛాంపియన్‌షిప్‌లో విదర్భ జట్టు మహారాష్ట్రతో సంబంధం లేకుండా వేరుగా దిగుతుంది. కనుక రాజురా కుర్రాడు కబడ్డీ సమాఖ్య పోటీల్లో విదర్భ ఆటగాడు, జాతీయ పాఠశాల క్రీడల్లో మహారాష్ట్ర ఆటగాడు. సరిహద్దు అవతల ఆసిఫాబాద్‌లో ఉన్న వాడి పిన్ని కొడుకు రెండింటిలోనూ తెలంగాణ వాడే. విదర్భకు ఈ గుర్తింపు ఊరికే వచ్చిందనుకోలేం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ కబడ్డీని ప్రదర్శించి చూపింది విదర్భలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్. అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఆ తర్వాతే, 1950లో ఏర్పడింది, పురుషుల తొలి జాతీయ పోటీలు 1952లో మద్రాసులో జరిగాయి.

ఇక కాటా సంగతి. జూనియర్ బాలురకు చాలాకాలం పాటు ఉన్న హద్దు 20 ఏళ్లు, 70 కిలోలు. సబ్ జూనియర్లకు 16 ఏళ్లు, 55 కిలోలు. నిబంధనల పుస్తకంలో అంతగా చర్చకు రాని విషయం ఒకటుంది: జూనియర్ బాలుర కోర్టు కూడా పురుషులదే, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. బరిలో అదే ఏడుగురు, అదే 20 నిమిషాల రెండు సగాలు. ఆట పెద్దలదే, తగ్గించింది ఆడేవాడి బరువు మాత్రమే. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ చిన్నపిల్లలకు మైదానాన్నీ జట్టునూ కుదించింది. కబడ్డీ ఒంటికి కొలత పెట్టింది.

నా అంచనాలో ఇది సన్నటి ఒళ్లున్న పల్లెటూరి, కాలనీ పిల్లలకు దక్కిన మేలు. రైడర్ ఒక్కడే ఏడుగురి మధ్యకు వెళ్తాడు. చీలమండ పట్టుకు ఒడుపు చాలు కానీ, గీత దాటేలా గుద్దే డాష్‌కు బరువు కావాలి. అందరూ ఒకే తూకంలో ఉన్నప్పుడు కండ తొందరగా పట్టిన పిల్లవాడికి దక్కే అదనపు లాభం తగ్గుతుంది, కాలి వేగానికి విలువ పెరుగుతుంది. మహారాష్ట్ర పల్లెల్లో వేసే పోటీల కరపత్రాల మీద కూడా ‘వజన్ గట్’ (బరువు వర్గం) ముందే కనిపించడం వెనుక ఈ లెక్కే ఉంది.

మేలుతో పాటు కీడూ వచ్చింది. తూకం రోజు కోసం ముందునుంచే తిండి తగ్గించి, నీళ్లు మానేసి, స్వెటర్లేసుకుని పరుగెత్తడం బరువు హద్దున్న ప్రతి ఆటకూ పట్టిన జబ్బే. ఎదిగే వయసులో అది మరీ చెరుపు. పుట్టినతేదీ దొంగ కాగితాలతో మారుతుంది, బరువు చెమటతో మారుతుంది. మోసానికి తలుపు రెండు చోట్లా తెరిచే ఉంది.

అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి. ఆక్లాండ్‌లో పిల్లల రగ్బీకి కూడా బరువు తరగతులు ఉన్నాయి. అక్కడ తూకం మించిన పిల్లవాడు తనకన్నా పెద్దవాళ్ల తరగతికి వెళ్లి ఆడతాడు, పోటీ మాత్రం పిల్లలదే. ఇక్కడ 70 కిలోల హద్దు ఉన్నప్పుడు, 17 ఏళ్లకే 74 కిలోలు తూగినవాడికి జూనియర్ పోటీలో ఏ మెట్టూ మిగలలేదు. వాడు నేరుగా సీనియర్ల మధ్య నిలబడాల్సి వచ్చేది, లేదా తిండి మానేయాల్సి వచ్చేది.