మలద్వారపు క్యాన్సరు: శస్త్రచికిత్స అవసరం తగ్గిన చరిత్ర

క్యాన్సరు పూర్తిగా పోవాలంటే దాని చుట్టూ ఉన్న భాగాన్నంతటినీ కోసి తీసివేయాలని శస్త్రవైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. పురీషనాళంలో పుట్టిన క్యాన్సరును క్రిందివైపునుండి మాత్రమే కోసి తీసినపుడు అది తిరిగి పుట్టటం లండనులో ఎర్నెస్టు మైల్సు అనే శస్త్రవైద్యుడు గమనించాడు. 1908లో ఆయన ఒక కొత్త పద్ధతిని ప్రకటించాడు. పొట్టవైపునుండి, మలద్వారంవైపునుండి కూడా కోసి, పురీషనాళాన్ని, మలద్వారాన్ని, చుట్టూ ఉన్న శోషరస గ్రంథులను కలిపి తీసివేయటమే ఆ పద్ధతి. తరువాత మలద్వారపు క్యాన్సరుకు కూడా ఇదే ముఖ్యమైన చికిత్స అయింది.

ప్రాణం దక్కినా, అందుకు రోగి చెల్లించవలసిన మూల్యం చాలా ఎక్కువ. పెద్దప్రేగు కొసను పొట్టపై చేసిన రంధ్రానికి కలిపి కుట్టేవారు. ఇక జీవితాంతం మలం ఆ రంధ్రం గుండా రావలసిందే. ఇంత చేసినా కొందరిలో వ్యాధి తిరగబెట్టేది.

దీనిని తగ్గించే ఉపాయం 1970ల ఆరంభంలో అమెరికాలోని డెట్రాయిటు నగరంలో వెదికారు. అక్కడి వేన్ స్టేట్ విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు నార్మన్ నైగ్రో, ఆపరేషనుకు ముందే మందులతోను, వికిరణంతోను పుండును కుదింపజేయాలని తలచాడు. ఆయన ఎన్నుకొన్న మందులలో ఒకటి 1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్. కణవిభజనకు కావలసిన యురాసిల్ అనే పదార్థాన్ని ఇది పోలి ఉంటుంది. అందువల్ల కణం మోసపోయి దీనిని గ్రహిస్తుంది, తన పని చెడగొట్టుకొంటుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో తయారుచేసిన అమినోప్టెరిన్ కూడా ఇటువంటి సూత్రంపైనే పనిచేసింది. ఫ్లోరోయురాసిల్‌తోపాటు మైటోమైసిన్ జాతి మందును, సుమారు 3,000 రాడ్ల వికిరణాన్ని రోగులకు ఇచ్చారు. నేటి కొలతలో అది 30 గ్రేలు.

1974లో నైగ్రో, ఆయన సహచరులు ముగ్గురు రోగుల వృత్తాంతాన్ని ప్రకటించారు. ఇద్దరికి అనుకొన్న ప్రకారం ఆపరేషను చేశారు. తీసివేసిన భాగాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే క్యాన్సరు ఆనవాలైనా కనిపించలేదు! మూడవ రోగి ఆపరేషనుకు అంగీకరించలేదు. అయినా ఆ రోగిలో వ్యాధి మళ్ళీ కనిపించలేదు. ఆపరేషనుకు ముందు సన్నాహంగా తలపెట్టినదే పూర్తి చికిత్స అయింది.

కాని ముగ్గురి అనుభవంతో శాస్త్రం తృప్తిపడదు. మందులు నిజంగా అవసరమా, వికిరణం ఒక్కటే చాలదా అన్న ప్రశ్న మిగిలింది. దీనిని తేల్చటానికి బ్రిటనులో 585 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఎవరు ఏ వర్గంలో చేరాలో వైద్యుని ఇష్టానికి వదలలేదు. చీట్లు తీసినట్లుగా నిర్ణయించారు. లేకపోతే బలంగా ఉన్నవారినే ఒక వర్గంలో చేర్చే ప్రమాదం ఉంటుంది. 1996లో ఫలితాలు వెలువడ్డాయి. వికిరణం ఒక్కటే పొందినవారిలో నూటికి 59 మందికి పుండు ఉన్నచోట చికిత్స విఫలమైంది. మందులు కూడా పొందినవారిలో ఆ సంఖ్య 36. మందుల వల్ల తొలిరోజుల బాధలు కొంత హెచ్చినా, మేలు ఏవైపు ఉన్నదో స్పష్టమయింది.

2013లో వెలువడిన మరొక బ్రిటిషు శోధనలో 940 మంది పాల్గొన్నారు. మైటోమైసిన్‌కు బదులు సిస్‌ప్లాటిన్ అనే మందు వాడినా పుండు మాయమయ్యేవారి సంఖ్య పెరగలేదు. రెండు వర్గాలలోను 26 వారాలకు నూటికి సుమారు 90 మందికి పుండు మాయమయింది. ఈ శోధన వల్ల మరొక విలువైన సంగతి తెలిసింది. 11 వారాలకు పుండు పూర్తిగా పోనివారిలో నూటికి 72 మందికి 26 వారాలనాటికి పోయింది. అంటే తొందరపడి కోసివేసి ఉంటే, వారిలో చాలామందికి అనవసరంగా కోసినట్లయ్యేది. వేచి ఉండటం కూడా చికిత్సలో భాగమే.

ఈ ఆలోచన పురీషనాళపు క్యాన్సరు విషయంలోను తలయెత్తింది. బ్రెజిలులో అంజెలీటా హబ్ర్-గామా 2004లో ప్రకటించిన శోధనలో, మందులు, వికిరణం పొందిన 265 మందిలో 71 మందికి పుండు కనిపించకుండా పోయింది. వారికి ఆపరేషను చేయకుండా జాగ్రత్తగా కనిపెట్టి చూశారు. అందరికీ ఇది వర్తించదు. పుండు మిగిలినవారికి, తిరగబెట్టినవారికి శస్త్రచికిత్స అవసరమే. మైల్సు పద్ధతి నేటికీ అటువంటివారిని రక్షిస్తున్నది. అయితే అది ఎవరికి అవసరమో, ఎవరికి అవసరం లేదో తెలుసుకోగలగటం ఈ శోధనల ఫలితం. తమకు ఏ చికిత్స వస్తుందో ముందుగా తెలియకపోయినా పాల్గొనటానికి సమ్మతించిన వందలాది రోగులకు ఆ ఫలితంలో వైద్యులతో సమానమైన భాగం ఉంది.